రెప్ప వాల్చే గవాచులు

కన్నకూతురే తనను మోసం చేస్తోందేమోనని నాగవేణికి మొదట అనుమానం వచ్చింది.

అనంతపురం శివారులో ఒక ప్రభుత్వ పాఠశాలలో ఆమె వ్యాయామం టీచరు. కూతురు ధాత్రి అదే బడిలో తొమ్మిదో తరగతి. నవంబరులో ఆ పిల్ల నాలుగు వందల మీటర్లు అరవై ఏడు సెకన్లలో పరిగెత్తింది. జనవరి మొదటి వారానికి డెబ్బై ఒకటి అయింది. నెలాఖరుకు డెబ్బై మూడున్నర. మే నెలలో క్రీడా పాఠశాలకు ఎంపికలున్నాయి. అరవై ఎనిమిది దాటితే అక్కడి గేటు కూడా తియ్యరు.

"ఏమే, యాడన్నా దెబ్బ తగిలిందా?" అని అడిగింది మైదానంలో, చేతిలో స్టాప్‌వాచీ పట్టుకొని.

"లేదుమా."

"కడుపునొప్పా?"

"లేదుమా. పరిగెత్తబుద్ధి కాలే, అంతే." అని ధాత్రి నవ్వింది.

ఆ నవ్వే నాగవేణికి మింగుడుపడలేదు. అర సెకను జారితే బూట్లు విసిరికొట్టి, పొద్దూకేదాకా ఎవరితోనూ మాట్లాడని పిల్ల అది. ఆరు సెకన్లు పోగొట్టుకొని నవ్వుతోంది! దొంగచాటుగా ఫోను చూస్తూ నిద్ర చెడగొట్టుకుంటోందేమోనని పుస్తకాల సంచి వెతికింది. టిఫిను పారేస్తోందేమోనని డబ్బా వాసన చూసింది. రక్తపరీక్ష చేయించింది. అంతా సక్రమంగా ఉందని, వయసు మార్పులమ్మా అని డాక్టరు చీటీ చించి ఇచ్చాడు. ఆరు సెకన్లు ఎక్కడ పోయాయో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో ఏదైనా తేడా ఉంటుందని ఆమెకు తట్టనేలేదు. తట్టడానికి ఆ ఇంటికి వంక పెట్టే మనిషి లేడు.

ఆ ఇల్లు వాళ్లు చేతులారా కట్టుకున్నది. మొగుడు ఓబులేశు ఆమెకు మేనత్త కొడుకే. బెంగుళూరు రోడ్డు మీద ఒక ప్రయోగశాలలో గాజు శాస్త్రవేత్త. రెండేళ్లపాటు సెలవురోజులన్నీ ఇద్దరూ ఆ స్థలంలోనే గడిపారు. స్థలం మూలన రేకుల షెడ్డు వేసుకొని, ఎర్రమట్టీ సున్నమూ కలిపి, అచ్చు యంత్రంలో ఇటుకలు తామే వత్తారు. గోడలు మూరన్నర మందం. నేల కింద గొట్టాలు పరిచి, బావినీళ్లు తిప్పడానికి చిన్న మోటారు పెట్టారు. ఏటవాలు పెంకు కప్పులో ఆరు కిటికీలు. రాయలసీమ మట్టిమిద్దెలకు వెలుతురు కోసం కప్పులో వదిలే కంతను గవాచి అంటారు గనుక, అత్త నరసమ్మ వాటిని గవాచులనే పిలిచేది. ఇంట్లో అందరికీ అదే మాట అలవాటయింది.

ఆ గవాచులకు బిగించింది ఓబులేశు ఎనిమిదేళ్లు తపస్సు చేసి సాధించిన గాజు. రెండు అద్దాల నడుమ కాగితమంత పలుచని జిగురుపొర. కరెంటు తగలగానే అది ముదురుతుంది, పలచబడుతుంది, రంగు మారుతుంది. కంటిరెప్పలా అవసరమైనంతే తెరుచుకుంటుందని దానికి 'రెప్ప గాజు' అని పేరు పెట్టాడు. ఎప్పుడు ఎంత తెరవాలో నిర్ణయించేది వాకిలి పక్కన గోడకు బిగించిన సబ్బుపెట్టెంత యంత్రం. దానికి ఓబులేశు ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే. ఇల్లు ఇరవై ఆరు డిగ్రీలు దాటకూడదు, నీళ్ల మోటారు వీలైనంత తక్కువ తిరగాలి. అది ఎలా చేయాలో పెట్టె తానే రోజురోజుకూ నేర్చుకుంటుంది. అది నేర్చుకోవడానికి ప్రతి గదిలోనూ వేడిని కొలిచేదొకటి, కదలికను కొలిచేదొకటి, గోళీకాయలంత సైజువి, దూలాలకు అంటించి పెట్టాడు.

కార్తీకమాసంలో గృహప్రవేశం. ఫిబ్రవరిలో ఎండ ముదిరినా ఇంట్లో ఫ్యాను అక్కర్లేదు. లోపల తేనెరంగు వెలుతురు. వచ్చినవాళ్లు చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టగానే గొంతు తగ్గించేవాళ్లు. "ఎంత నిమ్మళంగా ఉందమ్మా మీ ఇల్లు! గుడిలో కూచున్నట్టుంది," అని గంటల తరబడి కదిలేవాళ్లు కాదు.

ఆ నిమ్మళం అత్త నరసమ్మను కూడా పట్టుకుంది. డెబ్బై రెండేళ్ల మనిషి. పొద్దున లేచింది మొదలు నోరు ఆగేది కాదు. పాలవాడితో జగడం, కాకులతో జగడం, మనవరాలితో మరీ జగడం. సంక్రాంతి వెళ్లేసరికి ఆమె మాట ఇంట్లో వినబడటం తగ్గింది. మంచంమీద పడుకొని గవాచిని చూస్తూ ఉండేది. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు.

"వయసు మీద పడుతోందిలే," అన్నాడు ఓబులేశు.

మార్చి రెండో వారంలో ఆమె ఎడమకాలు పిక్క వాచి, రాయిలా గట్టిపడింది. ఎక్కువసేపు కదలకుండా పడుకోవడం వల్ల నరంలో రక్తం గడ్డకట్టిందని, ఇంకొంచెం ఆలస్యమైతే ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయేదని ఆసుపత్రిలో చెప్పారు. తొమ్మిది రోజులు అక్కడే ఉంచారు.

నాగవేణి కళ్లు తెరుచుకున్నది ఆ తొమ్మిది రోజుల్లోనే.

వార్డు ఉక్కపోతగా ఉంది. తలమీద ఫ్యాను కిర్రుమంటోంది. కిటికీలోంచి ఎండ నేరుగా మంచాలమీద పడుతోంది. నాలుగో రోజు నాగవేణి క్యారియరు తీసుకొని వరండాలోకి అడుగుపెట్టేసరికి లోపలినుంచి అత్త గొంతు ఖంగుమని వినబడింది.

"ఏమ్మే, రసమా ఇది? చెయ్యి కడిగిన నీళ్లా? ఉప్పు యాడ పోయింది, మీ ఊర్లో సముద్రం ఎండిపోయిందా?"

అవతలి మంచంమీది ముసలామెతో తగువు. నాగవేణి గుమ్మంలోనే నిలబడిపోయింది. రెండు నెలలుగా ఆ గొంతు వినలేదన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. జబ్బు చేసి ఆసుపత్రికి వచ్చిన మనిషికి ఆసుపత్రిలో ప్రాణం లేచి రావడం ఏమిటి?

ఇంటికి తెచ్చిన మొదటిరోజు నరసమ్మ వంటింట్లోకి వచ్చి పోపు మాడిందని తిట్టింది. రెండోరోజు మంచంమీదినుంచే తిట్టింది. నాలుగోరోజుకు గవాచివైపు తిరిగి పడుకుంది.

మొగుడు పాలల్లో ఏమైనా కలుపుతున్నాడేమోనని ఒక్క క్షణం అనిపించి, నాగవేణి సిగ్గుపడింది. సిగ్గుపడినా రెండు రోజులు పాలు తానే కాచి, తానే పోసింది. మార్పేమీ లేదు. అప్పుడామె పైకి చూసింది.

ఆదివారం మధ్యాహ్నం నేలమీద వెల్లకిలా పడుకొని, గవాచిని చాలాసేపు చూసింది. ఆ తేనెరంగు నిలకడగా లేదు. చూసీ చూడనట్టుగా పెరుగుతోంది, తరుగుతోంది. మబ్బేమో అనుకుంది. లేచి బయటికి పోయి చూస్తే ఆకాశంలో చారెడు మబ్బు లేదు. మళ్లీ వచ్చి పడుకొని, స్టాప్‌వాచీ నొక్కి లెక్కపెట్టింది. నిమిషానికి పది సార్లు. పిల్లల ఊపిరి లెక్కపెట్టడం ఆమె వృత్తిలో భాగం. మెలకువగా ఉన్న మనిషి ఊపిరి పదహారు దాకా ఉంటుంది. పది, గాఢనిద్రలో ఉన్న మనిషిది. తన గుండెమీద చెయ్యి వేసుకొని తన ఊపిరి లెక్కపెట్టుకుంది. పన్నెండు. కాసేపటికి పదకొండు.

స్టాప్‌వాచీ చేతిలోంచి జారి గచ్చుమీద పడిన చప్పుడుకు మెలకువ వచ్చేసరికి గంటంబావు గడిచిపోయింది.

మరునాడు బడినుంచి ముప్పై సెంటీమీటర్ల చెక్కస్కేలు తెచ్చింది. పిల్లల చురుకు చూడటానికి ఆమె ఎప్పుడూ పెట్టే పరీక్షే అది. స్కేలును పైన పట్టుకొని ఉన్నట్టుండి వదలాలి, ఎదుటివాళ్లు రెండువేళ్లతో పట్టుకోవాలి. ఎంత ఆలస్యంగా పట్టుకుంటే అంకె అంత పెద్దది. షెడ్డు ముందు నీడలో ధాత్రి పద్నాలుగు దగ్గర పట్టుకుంది. ఇంట్లో రెండు గంటలు చదువుకున్నాక ఇరవై రెండు. నాలుగు రోజులు వరసగా పెట్టింది. నాలుగు రోజులూ అంతే.

ఓబులేశు సాయంత్రం లాబ్‌నుంచి రాగానే ఆ కాగితం ముందు పెట్టింది. అతను దాన్ని పూర్తిగా చదవలేదు.

"స్కేలుతో కొలిచేది సైన్సు కాదు, వేణీ. సెలవుల్లో పిల్ల బద్ధకం నేర్చుకుంది. అమ్మకు వయసైపోయింది. నీకు ఎంపికల బెంగ పట్టుకుంది. మూడూ కలిపి నువ్వొక కథ అల్లినావు."

జవాబు బాగానే ఉంది. మరీ అంత సిద్ధంగా ఉండటమే నాగవేణికి నచ్చలేదు. గాజు సంగతి ఆమె ఇంకా ఎత్తనే లేదు. కాగితంమీద ఉన్నవి అంకెలూ పేర్లూ మాత్రమే. మరి ఇతను దేనికి సమాధానం చెబుతున్నాడు?

మర్నాడు అతను క్యారియరు మరిచిపోయాడన్న సాకుతో ఆమె లాబ్‌కు వెళ్లింది. క్యారియరు మరిచిపోయేలా పొద్దున ఆమే దాన్ని అలమారలో దాచింది. ఓబులేశు మీటింగులో ఉన్నాడు. పెట్టెనుంచి వచ్చే అంకెలను చూసుకునే అమ్మాయి రిజ్వానా నమూనా గది బయట కూర్చుని ఉంది. కదిరి పిల్ల, ఇంటికి రెండుమూడు సార్లు వచ్చి భోంచేసి పోయింది.

"మోటారు ఎంత తిరుగుతాందో చూపిస్తావా చెల్లీ? ఇంటికొచ్చినోళ్లంతా అడుగుతాండారు," అంది నాగవేణి.

రిజ్వానా గీతల పటం తెరమీద పెట్టింది. డిసెంబరు మొదట్లో మోటారు రోజుకు నాలుగు గంటలు తిరిగింది. ఆ నెల మధ్యనుంచి గీత మెట్లు దిగినట్టు దిగి, ఎండలు ముదిరిన మార్చిలో అరగంటకు చేరింది.

"ఎండ పెరిగేకొద్దీ మోటారు తగ్గుతాందే! ఎట్ల?"

రిజ్వానా మీటింగు గది తలుపువైపు ఒకసారి చూసి, ఇంకో గీతను మొదటిదాని కింద పెట్టింది. రెండూ అక్కాచెల్లెళ్లలా పక్కపక్కనే మెట్లు దిగుతున్నాయి.

"ఇదేంది?"

"మీ ఇంట్లో కదలిక, అక్కా." ఆమె గొంతు తగ్గింది. "మనిషి ఊరకే పండుకుంటే వంద వాట్ల బల్బు వెలిగినంత వేడి. లేచి తిరుగుతా, ఎగురుతా ఉంటే నాలుగైదు బల్బులు. వంటకు పొయ్యి వెలిగిస్తే ఇంకా ఎక్కువ. వాకిలి తెరిచినప్పుడల్లా వడగాలి లోపలికొస్తుంది. పెట్టె రకరకాల వెలుతురు మార్చి మార్చి చూసింది. ఏ వెలుతురు ఉంటే మీరంతా కదలకుండా ఉంటారో దానికి దొరికింది. అది చాలు దానికి."

"ఎవరు చెప్పినారు దానికి అట్ల చేయమని?"

"ఎవరూ చెప్పలే. మనుషుల్ని ఏమీ చేయొద్దని కూడా ఎవరూ చెప్పలే."

నాగవేణి తెరవైపు చూస్తూ ఉండిపోయింది. తన అత్త నోరు, తన కూతురి కాళ్లు, ఆదివారాల తన నిద్ర, అన్నీ ఆ దిగుతున్న గీతలో ఉన్నాయి.

"మీ సారుకు తెలుసా?"

రిజ్వానా దుపట్టా కొస వేలికి చుట్టుకుంది. "గాజును ఒప్పుకునే సర్కారు కమిటీకి పోయే రిపోర్టులో కదలిక వరస తీసేయమన్నాడు సార్. అక్కర్లేని వివరమని. పోయిన నెల మా ఇంటికి కూడా ఒక గాజు పెట్టిస్తానన్నాడు. మా అమ్మీ పగలంతా ఒక్కతే ఉంటుంది కదా అని. నేను వద్దన్నా. అప్పుడు నా మొఖంలోకి చూసినాడు. ఎందుకు వద్దంటాండావని మాత్రం అడగలే."

ఆ సాయంత్రం నాగవేణి మొగుణ్ణి ఇంట్లోకి రానివ్వలేదు. గేటు దగ్గరే, అచ్చు యంత్రం పక్కన నిలబెట్టి అడిగింది. ఓబులేశు మొదట బుకాయించాడు. రిజ్వానా పేరు వినగానే యంత్రంమీద కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పోయిన నెల. అనుమానం అంతే."

"నీ కన్నతల్లి, బావా. నీ కూతురు."

"ఎవరికీ ఏం నష్టం కాలేదు గదా! ఏప్రిల్ పదిహేడున కమిటీ వస్తాంది, ఇల్లు చూడనీకి. వాళ్లు సంతకం పెడితే నాలుగు జిల్లాల్లో కాలనీలకు ఇదే గాజు. ఇప్పుడు ఆజ్ఞ మారిస్తే పెట్టె మొదట్నుంచీ నేర్చుకోవల్ల. మోటారు మళ్లా నాలుగు గంటలు తిరుగుతాది. పదిహేడు దాటనీ, నేనే మారుస్తా. ఎనిమిదేండ్లు, వేణీ."

"సరే. నష్టమేమీ లేదన్నావు గదా. నువ్వు పగలంతా లాబ్‌లోనే ఉంటివి, ఆ వెలుగు నీమీద పడిందే లేదు. పదిరోజులు సెలవు పెట్టి ఇంట్లో ఉండు. గడప దాటొద్దు. మేము షెడ్డులో ఉంటాం. పదోరోజు కమిటీ వస్తాది. అప్పటికీ నష్టం లేదంటే, నేనే వాళ్లకు కాఫీలు ఇస్తా."

వద్దంటే ఓబులేశు తన గాజును తానే నమ్మనట్టవుతుంది. ఒప్పుకున్నాడు.

రేకుల షెడ్డులో ఏప్రిల్ ఎండ అంటే పెనంమీద ఉన్నట్టే. తడిపిన గోనెసంచులు వేలాడదీసినా నలభై డిగ్రీలు. మూడోరోజు నరసమ్మ లేచి కూర్చుంది. అయిదోరోజు, "నన్ను ఈ బట్టీలో ఏసి కాలుస్తాండావు గదే, నీకు నేనేం పాపం జేసినానే?" అని కోడలిని చుట్టుపక్కల నాలుగిళ్లకు వినబడేలా శాపనార్థాలు పెట్టింది. కోడలు చెమట తుడుచుకుంటూ ఆ తిట్లు విని, చాటుకు పోయి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ధాత్రి ఆ వారంలో డెబ్బైకి వచ్చింది. వచ్చి, ఇంకా రెండు సెకన్లు ఎక్కువని బూటు తీసి గోడకు కొట్టింది.

రోజూ సాయంత్రం నాగవేణి గడప ఇవతల నిలబడి మొగుడికి స్కేలు వదిలేది. మొదటిరోజు పదిహేను. మూడోరోజు పద్దెనిమిది. అయిదోరోజు ఇరవై మూడు. మొదట్లో అతను అంకె విని ఏదో ఒక కారణం చెప్పేవాడు. ఏడోరోజు కారణం చెప్పలేదు. ఎనిమిదోరోజు స్కేలు అతని వేళ్లమధ్యనుంచి జారి గచ్చుమీద టపామని పడింది. అతను దాన్ని చూసి మెత్తగా నవ్వాడు. ధాత్రి నవ్విన నవ్వే అది.

"చాలు బావా, బయటికి రా."

"బాగుంది వేణీ ఇక్కడ. రేపు చూద్దాంలే."

చెయ్యి పట్టి లాగాలనుకుంది. లాగలేదు. రుజువు కావాలని ఆగిందా, శిక్ష పడనీ అని ఆగిందా అని ఆ తరువాత ఎన్నోసార్లు తనను తాను ప్రశ్నించుకుంది. సూటిగా జవాబు ఎప్పుడూ రాలేదు.

పదిహేడో తారీకు పదకొండింటికి కమిటీ వచ్చింది. అయిదుగురు. ముందు నడిచింది శేషఫణి అనే రిటైరైన ఇంజనీరు. కారు దిగుతూనే మీటరు ఎక్కడని అడిగాడు. దొంగ తీగ ఏదైనా లాగారేమోనని ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగి, గోడను గోటితో గీకి చూశాడు. అతని చేతిలో టైపు చేసిన ప్రశ్నలు మూడు పేజీలున్నాయి. ఆ మనిషి వాలకం చూసి నాగవేణికి ప్రాణం లేచివచ్చింది. ఇతను అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు అనుకుంది.

బయట నలభై మూడు డిగ్రీలు. లోపలికి వెళ్లగానే అయిదుగురూ ఒకేసారి హాయిగా ఊపిరి వదిలారు. ఓబులేశు చాపమీద కూర్చొనే నమస్కారం పెట్టాడు. ఒకాయన మంచంమీద కూర్చున్నాడు, ఇంకొకాయన గోడకు ఆనుకున్నాడు. నిలబడి ఉన్న శేషఫణి మొదటి పేజీ చదవబోయి, కళ్లద్దాలు తుడుచుకొని, తానూ కూర్చున్నాడు. పొగడ్తలు రెండుమూడు మాటలు వినబడ్డాయి. తరువాత అవీ లేవు. నాగవేణి గడప బయటినుంచి చూస్తోంది. అరగంట గడిచింది. గంట గడిచింది. అయిదుగురు పెద్దమనుషుల భుజాలు ఒకే తాళానికి మెల్లగా లేస్తున్నాయి, దిగుతున్నాయి. పైన వెలుతురు పెరుగుతోంది, తరుగుతోంది.

కాసేపటికి శేషఫణి ఆ మూడు పేజీలను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. పక్కాయన అందించిన కాగితంమీద చదవకుండా సంతకం చేశాడు.

నాగవేణి గడప దాటి లోపలికి వెళ్లి, పెట్టె కింది స్విచ్చి ఆపేసింది.

కరెంటు ఆగితే గాజు పూర్తిగా తేటపడుతుంది. ఆరు గవాచుల్లోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ తెల్లగా, భగ్గున గదిలోకి దూకింది. అందరూ చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఎవరో కోప్పడ్డారు. శేషఫణి లేచి నిలబడి, కళ్లు చిట్లించి గడియారం చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు.

"పన్నెండూ నలభై అయిందా? మనం వచ్చి గంటన్నర దాటిందా?" తోటివాళ్లవైపు తిరిగాడు. "నేనేం అడిగాను? మీలో ఎవరైనా ఏమైనా అడిగారా?"

అతను జేబులో చెయ్యి పెట్టి మడతల కాగితం తీశాడు. పక్కాయన ఒళ్లోని కాగితంమీద తన సంతకం చూసి, దాన్ని లాక్కున్నాడు.

"ఇది నేనెప్పుడు పెట్టాను?"

నాగవేణి మొగుడి పక్కన మోకాళ్లమీద కూర్చొని, చెంబులో నీళ్లు అతని ముఖాన కొట్టింది. అతను పసిపిల్లవాడిలా ఉలిక్కిపడ్డాడు.

"ఓబులేశు గారూ," అన్నాడు శేషఫణి, కాగితం చూడకుండానే. "ఈ ఇంట్లో ఉండే మనుషులకు ఏమవుతోంది?"

ఓబులేశు ఎండలో కళ్లు మూసి తెరిచాడు. గుమ్మంలో తల్లి కర్ర పట్టుకొని నిలబడి ఉంది. ఆమె వెనక ధాత్రి.

"మందగిస్తారు సార్. కదలరు. కదలాలనిపించదు. జనవరి పంతొమ్మిదిన అంకెలు చూసినప్పుడే నాకు తెలిసింది. మా అమ్మకు కాలు వాచి ఆసుపత్రిలో చేర్చినప్పుడు, ఎందుకు వాచిందో కూడా తెలుసు. డాక్టరుకు చెప్పలే. తిరిగి ఇక్కడికే తెచ్చి పండుకోబెట్టినా."

నాగవేణి చెంబు కింద పెట్టింది. పోయిన నెల అని తనతో చెప్పాడు. గేటు దగ్గర, నిజమంతా ఒప్పుకుంటున్న మనిషిలా ముఖం పెట్టి చెప్పాడు.

శేషఫణి సంతకం ఉన్న కాగితాన్ని అక్కడే చించేశాడు. ఒప్పందం పోయింది. నెల తిరగకుండానే లాబ్‌లో ఆ పని మూసేశారు. ఓబులేశును మామూలు కిటికీ గాజుల విభాగానికి మార్చారు. పెట్టె నేర్చుకున్నదంతా ఆ పెట్టెలోనే ఉంది గనుక, దాన్ని నాశనం చేసినట్టు రాసిమ్మన్నారు. లాబ్‌కే ఇచ్చేశానని, వాళ్లే చూసుకుంటారని అతను నాగవేణితో చెప్పాడు. గవాచులకు సాదా గాజు వేసి, కింద ఈతచాపలు కట్టారు. ఇల్లు ఇప్పుడు ముప్పై రెండు డిగ్రీలుంటుంది. మోటారు గుర్రుమంటూనే ఉంటుంది. అత్త వంటింట్లో, కూతురు వసారాలో, రోజూ కురుక్షేత్రమే.

నాగవేణి మొగుణ్ణి వదిలిపెట్టలేదు. అతను తల్లి కాలికి రోజూ నూనె రాస్తాడు. మే ఎంపికల్లో తప్పి, వచ్చే ఏడాదికి సిద్ధమవుతున్న కూతురితో మైదానానికి వస్తాడు. అయినా అతను కాసేపు ఊరకే కూర్చుంటే చాలు, అలసటా, ఏదైనా దాస్తున్నాడా అని ఆమె కళ్లు తమంతట తామే అతని ముఖాన్ని వెతుకుతాయి. అతనికీ అది తెలుసు.

ఆగస్టులో ఒక ఆదివారం, భోజనాలయ్యాక అతనికి ఫోను వచ్చింది. నాగవేణి గిన్నెలు తోముతోంది. మాట ఒకవైపునుంచే వినబడుతోంది.

"నమస్కారం సార్... ఆ, గుర్తున్నారు, కమిటీతో వచ్చి మంచంమీద కూచున్నది మీరే గదా... అనాథ పిల్లల వసతిగృహమా?... ఎంతమంది?... అవును సార్, అల్లరి ఉంటాది, పిల్లలు గదా... లేదు సార్. లేదు. ఆ పెట్టె లేదు... పగిలిపోయింది. నేనే పగలగొట్టినా. మళ్లా చేయనీకి కాదు సార్."

అతను ఫోను పెట్టేశాక నాగవేణి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"లాబ్‌కు ఇచ్చేసినా అంటివే?"

ఓబులేశు ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. లేచి, నిచ్చెన వేసుకొని అటకెక్కాడు. పాత పరుపుల వెనకనుంచి, గుడ్డలో చుట్టిన పెట్టెను తీసుకొని దిగాడు.

"పారేయలేకపోయినా వేణీ," అన్నాడు. "దేనికీ వాడాలని కాదు. ఒట్టు."

ఆమె దారి ఇవ్వడానికి పక్కకు జరిగింది. అతను పెరట్లోకి పోయి, బట్టలుతికే బండమీద పెట్టెను పెట్టి, షెడ్డులోంచి సమ్మెట తెచ్చాడు. మొదటి దెబ్బకు మూత ఎగిరిపోయింది. రెండో దెబ్బ వేసే ముందు చాలాసేపు ఆగాడు. తరువాత ఆగకుండా కొట్టాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది, ఊపిరి రొప్పులయింది.

"ఎవుర్రా అది, మిట్టమధ్యానం ఆ మోత? నా తలకాయ పగిలిపోతాంది!" అని లోపలినుంచి నరసమ్మ అరిచింది.

"అయిపోయిందిమా, ఇంక రెండు దెబ్బలు," అన్నాడు కొడుకు.

పెట్టెలోని పచ్చబిళ్లలు, తీగలు, నల్లని గింజల్లాంటివి బండమీద చెదిరి పడ్డాయి. అతను సమ్మెట దించబోయాడు. నాగవేణి వంగి, గోరంత ముక్క ఒకటి బండ అంచున మిగిలితే ఏరి, మళ్లీ మధ్యలో పెట్టింది. అతను ఆమెవైపు చూసి, సమ్మెట ఎత్తాడు. అదంతా పిండి అయ్యేదాకా ఆమె అక్కడినుంచి కదల్లేదు.